నంబర్ వన్ వెనుక లెక్కలు

టి20 క్రికెట్‌లో ఆరు రోజుల్లో ఎనిమిదో స్థానం నుంచి శిఖరానికి చేరవచ్చు. ఒక్క బంతి కూడా ఆడకుండానే శిఖరం నుంచి జారిపోనూ వచ్చు. జట్ల ర్యాంకులను తేల్చే ఆ సూత్రం ఏమిటి? మాజీ ప్రపంచ చాంపియన్లను కూడా అర్హత రౌండ్ గుమ్మంలో నిలబెట్టే అధికారం దానికి ఎలా వచ్చింది?

2016 జనవరి 31. సిడ్నీ మైదానం. ఆస్ట్రేలియా తరఫున షేన్ వాట్సన్ అజేయంగా 124 పరుగులు బాది 198 పరుగుల లక్ష్యం ముందుంచాడు. ఆఖరి ఓవర్‌లో భారత్‌కు 17 పరుగులు కావాలి. బౌలర్ ఆండ్రూ టై. అప్పటిదాకా బ్యాటుకు బంతి తగలక సతమతమవుతున్న యువరాజ్ సింగ్ మొదటి బంతిని ఫోరు, రెండో బంతిని సిక్సరు కొట్టాడు. చివరి బంతిని సురేశ్ రైనా బౌండరీ దాటించాడు. సిరీస్ 3-0తో భారత్ వశమైంది.

ఆ రాత్రి అంతకన్నా ఆసక్తికరమైన మార్పు అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) పట్టికలో జరిగింది. సిరీస్ మొదలైన జనవరి 26న టి20 ర్యాంకుల్లో ఎనిమిదో స్థానంలో ఉన్న ధోనీ సేన ఆరు రోజుల తర్వాత మొదటి స్థానంలో కూర్చుంది. ఆ కుర్చీ మీద ఆశ పెట్టుకుని సిరీస్‌లో దిగిన ఆస్ట్రేలియా ఎనిమిదో స్థానానికి పడిపోయింది. మూడు మ్యాచ్‌లు రెండు జట్ల జాతకాలను తారుమారు చేశాయి.

మరి ఆ నంబర్ వన్ జట్టు ఆ తర్వాత ఏం చేసింది? ఆరు వారాల తర్వాత, మార్చి 15న, సొంతగడ్డపై ప్రపంచకప్ తొలి మ్యాచ్‌లో న్యూజీలాండ్ స్పిన్నర్ల ముందు నాగపూర్‌లో 79 పరుగులకే కుప్పకూలింది. తర్వాత కోలుకుని సెమీఫైనల్ దాకా వెళ్లినా ముంబైలో వెస్టిండీస్ చేతిలో ఓడిపోయింది. కప్పు వెస్టిండీస్‌కు దక్కింది. చాంపియన్ ఒకరు, నంబర్ వన్ ఒకరు అన్న విడ్డూరం టి20 అభిమానులకు ఆ తర్వాత అలవాటైపోయింది.

మూడు గెలుపులతో ఎనిమిది నుంచి ఒకటికి ఎక్కడం లాటరీ కాదు. దాని వెనుక పక్కా గణితం ఉంది. గణితంలో తప్పు వెతకడం కష్టం. ఆ గణితాన్ని ఏ పనికి వాడుతున్నారన్న దగ్గరే పేచీ.

ఆలస్యంగా వచ్చిన పట్టిక

మొదటి అంతర్జాతీయ టి20 మ్యాచ్ 2005 ఫిబ్రవరిలో ఆక్లండ్‌లో న్యూజీలాండ్, ఆస్ట్రేలియాల మధ్య జరిగింది. అప్పటికది ఒక వినోదం. 2007లో దక్షిణాఫ్రికాలో మొదటి ప్రపంచకప్ గెలిచిన భారత జట్టు ఆ టోర్నీకి ముందు ఆడిన అంతర్జాతీయ టి20లు ఎన్నో తెలుసా? ఒక్కటి. అదీ 2006 డిసెంబర్‌లో జొహానెస్‌బర్గ్‌లో. అలాంటి ఆటలో ర్యాంకులు ఇవ్వాలంటే లెక్కకు తగినన్ని మ్యాచ్‌లే లేవు.

అందుకే టెస్టులకు, వన్డేలకు ఈ శతాబ్దం మొదటి ఏళ్లలోనే పట్టికలు వచ్చినా టి20 జట్ల ర్యాంకుల కోసం 2011 అక్టోబర్ దాకా ఆగాల్సి వచ్చింది. మొదటి పట్టికలో అగ్రస్థానం ఇంగ్లండ్‌ది. వన్డే ర్యాంకులకు సూత్రం రాసింది బ్రిటన్‌కు చెందిన డేవిడ్ కెండిక్స్. బీమా సంస్థలకు నష్టభయాన్ని లెక్కకట్టే యాక్చువరీ వృత్తి ఆయనది. టి20 పట్టిక కూడా ఆ వన్డే సూత్రం మీదే నడుస్తోంది. భావోద్వేగాలకు అందులో చోటు లేకపోవడం సహజమే.

ఆటగాళ్లకు వెయ్యి పాయింట్ల కొలమానంపై ఇచ్చే ర్యాంకులు వేరు, జట్లకు ఇచ్చేవి వేరు. జట్ల పట్టికకు ఎవరు సెంచరీ కొట్టారో, ఎవరు అయిదు వికెట్లు తీశారో అక్కర్లేదు. దానికి కావలసింది రెండే సంగతులు: ఎవరు గెలిచారు, ఎవరి మీద గెలిచారు.

మంచి వాడి మీద గెలిస్తేనే మార్కులు

ర్యాంకు అనే మాట తెలుగు ఇళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఎంసెట్ పుణ్యమా అని అది ఇంటింటి మాటే. కానీ ఒకప్పుడు ఎంసెట్‌లో అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఉండేది. క్రికెట్‌లో ఒక్కో జట్టు ఒక్కో పేపరు రాస్తుంది. ఒకరు ఆస్ట్రేలియాతో అయిదు మ్యాచ్‌లు ఆడితే మరొకరు జింబాబ్వేతో అయిదు ఆడతారు. కాబట్టి పేపరు ఎంత కష్టమో కూడా మార్కుల్లో కలపాలి. ఈ సూత్రం చేసే పని అదే.

ప్రతి జట్టుకూ ఒక రేటింగ్ ఉంటుంది. అది సంపాదించిన మొత్తం పాయింట్లను ఆడిన మ్యాచ్‌ల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటు. ఒక మ్యాచ్‌లో ఎన్ని పాయింట్లు వస్తాయన్నది మ్యాచ్‌కు ముందు రెండు జట్ల రేటింగుల మధ్య తేడాను బట్టి ఉంటుంది. తేడా 40 కన్నా తక్కువైతే గెలిచిన జట్టుకు ప్రత్యర్థి రేటింగ్‌కు 50 కలిపి ఇస్తారు. ఓడిన జట్టుకు ప్రత్యర్థి రేటింగ్‌లోంచి 50 తీసేసి ఇస్తారు. టై అయితే ఎవరికి వారి ఎదుటి జట్టు రేటింగ్ దక్కుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక జట్టు రేటింగ్ 260, మరొకదానిది 240 అనుకోండి. బలమైన జట్టు గెలిస్తే దానికి 290 పాయింట్లు, ఓడిన జట్టుకు 210. బలహీన జట్టు గెలిస్తే దానికి 310, ఓడిన బలమైన జట్టుకు 190. అంటే పెద్ద జట్టు గెలిస్తే తన సగటు కన్నా 30 ఎక్కువ తెచ్చుకుంటుంది, ఓడితే 70 పోగొట్టుకుంటుంది. చిన్న జట్టుకు ఇది తలకిందులు: గెలిస్తే 70 లాభం, ఓడితే 30 నష్టం.

కాగితం, పెన్ను తీసుకుని ఈ లెక్కను కాస్త ముందుకు లాగితే ఒక ముచ్చటైన సంగతి బయటపడుతుంది. ఆ 260 జట్టు తన రేటింగ్ నిలుపుకోవాలంటే 240 జట్టుతో ఆడే ప్రతి పది మ్యాచ్‌ల్లో ఏడు గెలవాలి. సమ ఉజ్జీలైతే సగం గెలిస్తే చాలు. తేడా 10 ఉంటే పదికి ఆరు, 20 ఉంటే ఏడు, 30 ఉంటే ఎనిమిది. ఒక్క మాటలో చెప్పాలంటే, రేటింగుల మధ్య ఉన్న ప్రతి పాయింటు తేడా పెద్ద జట్టు గెలుపు శాతాన్ని ఒక్కో శాతం పెంచి ఆశిస్తుంది. ఆశించిన దానికన్నా ఎక్కువ గెలిస్తే పైకి, తక్కువ గెలిస్తే కిందికి. నష్టభయాన్ని లెక్కకట్టే వృత్తి నుంచి వచ్చిన సూత్రానికి ఇది తగినట్టే ఉంది.

తేడా 40 లేదా అంతకు మించితే నిబంధన మారుతుంది. అప్పుడు ఎవరి పాయింట్లు వారి సొంత రేటింగ్ మీదే ఆధారపడతాయి. పెద్ద జట్టు గెలిస్తే సొంత రేటింగ్‌కు 10 కలుస్తాయి, ఓడితే 90 పోతాయి. చిన్న జట్టు ఓడితే 10 పోతాయి, గెలిస్తే 90 కలుస్తాయి. ఈ మినహాయింపు లేకపోతే పెద్ద వింతే జరిగేది. 260 రేటింగ్ ఉన్న జట్టు 150 రేటింగ్ ఉన్న జట్టును ఓడిస్తే పాత లెక్కన వచ్చేది 200 పాయింట్లు. అంటే గెలిచి కూడా రేటింగ్ పోగొట్టుకున్నట్టు! అలాంటప్పుడు ఏ పెద్ద జట్టయినా చిన్న జట్టుతో ఆడుతుందా?

హరారేలో తగిలిన దెబ్బ

ఈ 90 పాయింట్ల దెబ్బ ఎలా ఉంటుందో భారత్‌కు 2024 జులైలో తెలిసొచ్చింది. జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్‌లో దక్షిణాఫ్రికాపై 7 పరుగుల తేడాతో గెలిచి ప్రపంచకప్ అందుకున్న భారత్ సరిగ్గా వారానికి, జులై 6న, హరారేలో జింబాబ్వేతో ఆడింది. ప్రపంచకప్ గెలిపించిన హేమాహేమీలు ఎవరూ ఆ మ్యాచ్‌లో లేరు. శుభ్‌మన్ గిల్ నాయకత్వంలో కుర్రాళ్ల జట్టు వెళ్లింది. 116 పరుగుల లక్ష్యాన్ని అందుకోలేక 102కే ఆలౌటైంది.

అలాంటి ఓటమి ఖరీదు ఎంతో లెక్కవేయవచ్చు. ఒక జట్టు రేటింగ్ 268, దాని ఖాతాలో 30 మ్యాచ్‌లు ఉన్నాయనుకుందాం. తన కన్నా 40కి పైగా వెనుకబడ్డ జట్టు చేతిలో ఓడితే రేటింగ్ ఒక్కసారిగా 265కు దిగుతుంది. గెలిచి ఉంటే 268.3 అయ్యేది. అంటే ఒక్క ఓటమితో పోయిన దాన్ని తిరిగి రాబట్టుకోవడానికి అలాంటి జట్ల మీదే దాదాపు తొమ్మిది గెలుపులు కావాలి. గిల్ సేన మిగిలిన నాలుగు మ్యాచ్‌లూ గెలిచి సిరీస్‌ను 4-1తో ముగించింది. చూసేవారికి అది ఘనవిజయం. పట్టిక దృష్టిలో మాత్రం బాకీ పూర్తిగా తీరలేదు.

ఇక్కడే ఈ విధానంలోని మొదటి గుడ్డితనం కనిపిస్తుంది. పట్టికకు కనిపించేది 'భారత్' అన్న పేరే తప్ప ఆ పేరుతో మైదానంలో దిగిన పదకొండు మంది కాదు.

ఉప్పల్, విశాఖ ఒకటే

రెండో గుడ్డితనానికి తెలుగు నేల మీదే సాక్ష్యాలున్నాయి. 2023 నవంబర్ 23. వన్డే ప్రపంచకప్ ఫైనల్‌లో ఆస్ట్రేలియా చేతిలో ఓడిన నాలుగు రోజులకే అదే జట్టుతో విశాఖపట్నంలో టి20. రోహిత్, కోహ్లీ లేరు. 209 పరుగుల లక్ష్యం. ఆఖరి ఓవర్‌లో వరసగా వికెట్లు పడ్డాయి. చివరి బంతికి ఒక్క పరుగు కావాలి. షాన్ అబ్బాట్ వేసిన బంతిని రింకూ సింగ్ సిక్సర్‌గా మలిచాడు. తీరా చూస్తే అది నోబాల్. సిక్సర్ లెక్కలోకి రాలేదు, నోబాల్ పరుగుతోనే భారత్ 2 వికెట్ల తేడాతో గెలిచింది.

2024 అక్టోబర్ 12. హైదరాబాద్‌లోని ఉప్పల్ స్టేడియం. సంజూ శాంసన్ 47 బంతుల్లో 111 పరుగులు చేయగా బంగ్లాదేశ్‌పై భారత్ 6 వికెట్లకు 297 పరుగులు సాధించింది. గెలుపు తేడా 133 పరుగులు.

ఒకటి నోబాల్ పుణ్యమా అని దక్కిన గెలుపు, మరొకటి ఊచకోత. పట్టిక దృష్టిలో రెండూ గెలుపులే. ప్రత్యర్థి రేటింగ్‌ను బట్టి వచ్చే తేడా తప్ప పరుగుల తేడాకు పైసా విలువ లేదు. సొంతగడ్డ మీద గెలిచారా, పరాయి దేశంలో గెలిచారా అన్నదీ దానికి పట్టదు. ద్వైపాక్షిక సిరీస్‌లో నామమాత్రపు అయిదో మ్యాచ్ అయినా, ప్రపంచకప్ ఫైనల్ అయినా ఒకటే తూకం.

ఫుట్‌బాల్‌లో అలా కాదు. 2018 నుంచి ఫిఫా అనుసరిస్తున్న విధానంలో మ్యాచ్ ప్రాధాన్యానికి ఒక గుణకం ఉంది. నిర్ణీత తేదీలకు బయట ఆడే స్నేహపూర్వక మ్యాచ్‌కు 5 అయితే ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్ నుంచి 60. అంటే పన్నెండు రెట్లు. క్రికెట్‌లో ఆ తేడా లేదు కాబట్టే ప్రపంచకప్‌లో బోర్లా పడ్డ జట్టు కూడా నాలుగు నెలల్లో పట్టిక పైకి ఎక్కగలుగుతుంది. 2021 ప్రపంచకప్‌లో పాకిస్తాన్ చేతిలో 10 వికెట్లతో, న్యూజీలాండ్ చేతిలో 8 వికెట్లతో ఓడి సెమీస్‌కు కూడా చేరలేకపోయిన భారత్ 2022 ఫిబ్రవరి 20న కోల్‌కతాలో వెస్టిండీస్‌పై 3-0 విజయంతో నంబర్ వన్ అయింది. అప్పుడు భారత్, ఇంగ్లండ్ రేటింగ్ ఒకటే: 269. ఇద్దరూ చెరి 39 మ్యాచ్‌లు ఆడారు. భారత్ పాయింట్లు 10,484, ఇంగ్లండ్‌వి 10,474. పది వేలకు పైగా పాయింట్లలో పదే పది పాయింట్ల తేడాతో కిరీటం చేతులు మారింది. అదే ఏడాది నవంబర్‌లో అడిలైడ్‌లో జరిగిన ప్రపంచకప్ సెమీఫైనల్‌లో అదే ఇంగ్లండ్ చేతిలో భారత్ 10 వికెట్ల తేడాతో చిత్తుగా ఓడింది.

ఆడకుండానే పోయిన కిరీటం

గెలుపోటములతో పాటు పట్టికను కదిపేది మరొకటి ఉంది: కాలెండర్. ఏటా మే నెలలో పాత ఖాతా తిరగరాస్తారు. మూడేళ్లు దాటిన మ్యాచ్‌లు పూర్తిగా చెరిగిపోతాయి. మిగిలిన మూడేళ్లలో మొదటి రెండేళ్ల మ్యాచ్‌లకు సగం విలువ, తాజా ఏడాది మ్యాచ్‌లకు పూర్తి విలువ. నిన్నటి ఆటకు ఎక్కువ, మొన్నటి ఆటకు తక్కువ అన్న న్యాయం ఇందులో ఉంది. కానీ దాని ప్రభావం ఒక్కోసారి పిడుగులా పడుతుంది.

పాకిస్తాన్‌నే అడగండి. సర్ఫరాజ్ అహ్మద్ సారథ్యంలో ఆ జట్టు 2016 నుంచి 2018 దాకా వరసగా 11 టి20 సిరీస్‌లు గెలిచింది. 2018 జనవరిలో అగ్రస్థానం చేరి 27 నెలల పాటు కదల్లేదు. 2020 మే 1న, కరోనా దెబ్బకు ప్రపంచమంతా ఇళ్లలో కూర్చున్న వేళ, ఐసీసీ వార్షిక సవరణ వెలువడింది. 2016-17 విజయాలు చెరిగిపోయాయి. 2018 నాటి వైభవం సగానికి తగ్గింది. 2019 అక్టోబర్‌లో లాహోర్‌లో శ్రీలంక చేతిలో ఎదురైన 0-3 పరాభవం మాత్రం పూర్తి విలువతో మిగిలింది. ఫలితం: పాకిస్తాన్ 260 పాయింట్లతో నాలుగో స్థానానికి జారింది. 278తో ఆస్ట్రేలియా టి20ల్లో మొదటిసారి నంబర్ వన్ అయింది. ఇంగ్లండ్ 268, భారత్ 266తో తర్వాతి స్థానాల్లో నిలిచాయి. ఎవరూ ఒక్క బంతి వేయలేదు.

ఆ ఆస్ట్రేలియా కథ ఇంకా విచిత్రం. నంబర్ వన్ అయ్యాక ఇంగ్లండ్, భారత్, న్యూజీలాండ్, వెస్టిండీస్, బంగ్లాదేశ్‌ల చేతిలో వరసగా అయిదు సిరీస్‌లు ఓడింది. చాలా మ్యాచ్‌ల్లో ప్రధాన ఆటగాళ్లు లేరు. పట్టికలో కిందికి జారుతూ 2021 ప్రపంచకప్‌కు వెళ్లి, దుబాయ్‌లో కప్పు ఎత్తుకుని ఇంటికొచ్చింది.

గుమ్మంలో నిలబడ్డ చాంపియన్లు

ఇంతవరకూ అయితే ఇది అభిమానులు టీ కొట్టు దగ్గర వాదించుకునే వ్యవహారమే. కానీ ఐసీసీ ఈ పట్టికను ప్రపంచకప్ గుమ్మంలో కాపలాదారుగా నిలబెట్టడంతో లెక్క మారింది.

2018 డిసెంబర్ 31 నాటి ర్యాంకుల్లో మొదటి ఎనిమిది స్థానాల్లో ఉన్న జట్లే తదుపరి ప్రపంచకప్ సూపర్-12లో నేరుగా ఆడతాయని నిర్ణయించారు. 2014 చాంపియన్, మూడుసార్లు ఫైనలిస్ట్ శ్రీలంకకు అందులో చోటు దక్కలేదు. బంగ్లాదేశ్‌దీ అదే గతి. ఎనిమిదో చోటు అఫ్గానిస్తాన్‌ది. చిన్న జట్ల మీద గెలిచి పెంచుకున్న రేటింగ్ అంటూ అప్పట్లో పెదవి విరిచిన వాళ్లున్నారు. 2024 ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియాను ఓడించి అదే అఫ్గానిస్తాన్ సెమీఫైనల్ చేరింది. పేరుప్రతిష్ఠలను పట్టించుకోని పట్టిక కొన్నిసార్లు మనకన్నా ముందే నిజం చెబుతుంది.

ఎప్పుడూ అలాగే జరుగుతుందా? 2021 ఆగస్టులో బంగ్లాదేశ్ మీర్పూర్‌లోని మందకొడి పిచ్‌ల మీద ఆస్ట్రేలియాను 4-1తో ఓడించింది. చివరి మ్యాచ్‌లో కంగారూలు 62 పరుగులకే ఆలౌట్. సెప్టెంబర్‌లో న్యూజీలాండ్ వచ్చింది. ప్రపంచకప్‌కు ఎంపికైన ఆటగాళ్లలో ఒక్కరినీ ఆ పర్యటనకు పంపలేదు. తొలి మ్యాచ్‌లో 60కే కూలిన ఆ జట్టు సిరీస్‌ను 2-3తో కోల్పోయింది. పట్టికలో మాత్రం ఆస్ట్రేలియా ఆస్ట్రేలియాయే, న్యూజీలాండ్ న్యూజీలాండే. బంగ్లాదేశ్ ఖాతా నిండింది.

రెండు నెలలు తిరక్కుండానే అసలు పరీక్ష వచ్చింది. ప్రపంచకప్ సూపర్-12లో బంగ్లాదేశ్ ఆడిన అయిదు మ్యాచ్‌లూ ఓడింది. దుబాయ్‌లో అదే ఆస్ట్రేలియా చేతిలో 73కే ఆలౌటైంది. అయినా 2022 ప్రపంచకప్‌కు నేరుగా అర్హత పొందే జట్లను తేల్చినప్పుడు మొదటి ఎనిమిదిలో ఉంది! బయట మిగిలింది ఎవరు? 2012లో, 2016లో కప్పు గెలిచిన వెస్టిండీస్, 2014లో గెలిచిన శ్రీలంక.

మూల్యం కూడా అక్కడే చెల్లించాల్సి వచ్చింది. 2022 అక్టోబర్‌లో తొలి రౌండ్ ప్రారంభ మ్యాచ్‌లోనే, ఆసియా కప్ గెలిచి నెల తిరిగిన శ్రీలంకను నమీబియా 55 పరుగులతో ఓడించింది. లంక ఎలాగో గట్టెక్కింది. వెస్టిండీస్ ఆ పని కూడా చేయలేకపోయింది. హోబార్ట్‌లో స్కాట్లండ్ చేతిలో 42 పరుగులతో, ఐర్లండ్ చేతిలో 9 వికెట్లతో ఓడి ఇంటిముఖం పట్టింది. కెప్టెన్ నికొలస్ పూరన్ నవంబర్‌లో పదవి వదులుకున్నాడు. మైదానంలో ఓడింది వాళ్లే, నిజమే. కానీ ఆ గుమ్మం దగ్గర వాళ్లను నిలబెట్టింది మీర్పూర్ పిచ్‌లు కూడా కలగలిసిన ఒక సగటు.

2026 ప్రపంచకప్ అర్హతలోనూ ఇదే తంతు. 2024 జూన్‌లో డాలస్‌లో అమెరికా చేతిలో సూపర్ ఓవర్‌లో ఓడిన పాకిస్తాన్ గ్రూప్ దశ దాటలేదు. న్యూజీలాండ్‌దీ అదే పరిస్థితి. అయినా 2024 జూన్ 30 నాటి ర్యాంకుల ఆధారంగా ఈ రెండూ, వాటితో పాటు ఐర్లండ్, 2026 టోర్నీకి నేరుగా బెర్తు సంపాదించాయి. పట్టిక ఒకప్పుడు పెద్దలను బయట నిలబెట్టింది, మరొకప్పుడు పెద్దలకు గొడుగు పట్టింది.

అడుగున ఉన్నవారి గోడు

పైవారి బాధ ఇది. అడుగున ఉన్నవారిది వేరే బాధ. 2019 జనవరి 1 నుంచి ఐసీసీ సభ్యదేశాలన్నిటి పురుషుల జట్లకూ టి20 అంతర్జాతీయ హోదా దక్కింది. ఆ ఏడాది మేలో పట్టికను 80 జట్లకు విస్తరించారు. అంతకుముందు 130కి పైన ఉన్న పాకిస్తాన్ రేటింగ్ కొత్త పట్టికలో 286గా కనిపించింది. పాకిస్తాన్ ఆట రెట్టింపు మెరుగైందని కాదు. కింద అంతమంది చేరినప్పుడు పైవారి అంకె పెరుగుతుందంతే. రేటింగ్ అన్నది ఎదుటివారితో పోల్చి చెప్పే అంకె తప్ప దానికంటూ సొంత విలువ లేదు.

80 జట్లకు ర్యాంకులిచ్చారు సరే, ఆడే అవకాశాలు ఎవరిస్తారు? నేపాల్ సంగతి చూడండి. 2024 ప్రపంచకప్‌లో కింగ్స్‌టౌన్‌లో దక్షిణాఫ్రికాను 115కే కట్టడి చేసి 114 దగ్గర ఆగిపోయింది. ఒక్క పరుగు తేడా. పట్టికలో ఆ పరుగుకు విలువ లేదు. ఉప్పల్‌లో 133 పరుగులతో ఓడినా, కింగ్స్‌టౌన్‌లో ఒక్క పరుగుతో ఓడినా ఓటమి ఓటమే. కఠ్మాండూలో చెట్లెక్కి మ్యాచ్ చూసే అభిమానులున్న ఆ దేశంతో ద్వైపాక్షిక సిరీస్ ఆడటానికి పెద్ద బోర్డులకు తీరిక లేదు. వాళ్లకు అక్కడ ప్రసార హక్కుల ఆదాయం తక్కువ. గెలిస్తే వచ్చేది 10 పాయింట్లు, ఓడితే పోయేది 90.

ఎట్టకేలకు 2025 సెప్టెంబర్‌లో షార్జాలో వెస్టిండీస్‌తో మూడు మ్యాచ్‌ల సిరీస్ దొరికింది. వెస్టిండీస్ ద్వితీయ శ్రేణి జట్టును పంపింది. నేపాల్ మొదటి మ్యాచ్‌ను 19 పరుగులతో, రెండో మ్యాచ్‌లో ప్రత్యర్థిని 83కే ఆలౌట్ చేసి 90 పరుగులతో గెలిచింది. సిరీస్ 2-1. ఐసీసీ పూర్తి సభ్యదేశంపై ఆ జట్టుకు అదే మొదటి సిరీస్ విజయం. పెద్ద జట్టును కొడితే వచ్చే పాయింట్లు ఎలా ఉంటాయో ఆ జట్టు తెలుసుకుంది. కానీ అలాంటి పరీక్ష రాసే అవకాశమే ఏళ్ల తరబడి రాకపోతే ర్యాంకు ఎక్కడి నుంచి పెరుగుతుంది?

మైదానంలో అర్హత పోటీలు పెడితే ఏం జరుగుతుందో కూడా చూశాం. 2023 నవంబర్‌లో విండ్‌హోక్‌లో జరిగిన ఆఫ్రికా అర్హత పోటీల్లో ఉగాండా జింబాబ్వేను 5 వికెట్లతో ఓడించింది. తన కన్నా ఎంతో పైన ఉన్న జట్టును వెనక్కి నెట్టి 2024 ప్రపంచకప్‌కు వెళ్లింది. ఆ బెర్తును పట్టిక చూసి ఇచ్చి ఉంటే ఉగాండా పేరు పరిశీలనకే వచ్చేది కాదు.

లెక్క సరే, వాడకం?

ఈ సూత్రాన్ని తీసిపారేయాలని ఎవరూ అనరు. ఎవరు ఎవరి మీద గెలిచారో చూసి, పాతది మరచి, కొత్తదానికి విలువిచ్చి, ఎవరి పలుకుబడికీ లొంగకుండా తేల్చే కొలమానం ఇది. మామూలు అభిమాని కూడా కాగితం మీద లెక్కవేసి సరిచూసుకోగలిగినంత సులువుగా ఉంది. బోర్డుల రాజకీయాలు రాజ్యమేలే క్రికెట్‌లో అది చిన్న సుగుణం కాదు. 2024 జూన్‌లో భారత్ కప్పు గెలిచినప్పుడు పట్టికలోనూ మొదటి స్థానం దానిదే. లెక్క, మైదానం ఒకే మాట చెప్పిన సందర్భాలూ ఉన్నాయి.

కానీ సగటు మీద పెట్టదగిన బరువుకు ఒక హద్దు ఉంటుంది. ప్రపంచకప్ మ్యాచ్‌కు, ద్వితీయ శ్రేణి జట్లు ఆడే సిరీస్‌కు ఒకే తూకం వేస్తున్నంత కాలం, పరాయి గడ్డపై గెలుపునకు అదనంగా ఏమీ ఇవ్వనంత కాలం, అది ఒక సూచికగా పనికొస్తుంది. ఒక జట్టు రెండేళ్ల శ్రమను తేల్చే తీర్పుగా పనికిరాదు. ఫిఫా మాదిరిగా పెద్ద టోర్నీ మ్యాచ్‌లకు ఎక్కువ విలువ ఇవ్వడం కష్టమైన సంస్కరణేమీ కాదు. ర్యాంకు ద్వారా ఇచ్చే బెర్తులను తగ్గించి, అర్హత పోటీల ద్వారా ఇచ్చేవి పెంచడం దానికన్నా సులువు.

ఈ చర్చకు ముందు ముందు ఇంకా వేడి పుడుతుంది. 1900 తర్వాత మళ్లీ 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ అడుగుపెడుతోంది. టి20 పద్ధతిలో, పురుషుల్లో ఆరు జట్లు, మహిళల్లో ఆరు జట్లు మాత్రమే. ఇరవై జట్ల ప్రపంచకప్‌లో చోటు దొరక్కపోతే రెండేళ్లకు మరొకటి వస్తుంది. ఒలింపిక్స్‌కు అయితే నాలుగేళ్లు ఆగాలి, ఆ వయసు దాటిపోయే ఆటగాళ్లూ ఉంటారు. ఆరు కుర్చీల కోసం అంతమంది పోటీపడేటప్పుడు పది వేలలో పది పాయింట్ల తేడా ఎవరి ఖాతాలో ఎలా పడిందన్నది టీ కొట్టు దగ్గర వాదనగా మిగలదు.